విదిలించుకున్న చెయ్యి

ఓడ విరిగిన కమ్మీల దగ్గర ముబీనా ఒక్కసారిగా యోబు మణికట్టు పట్టేసుకుంది.

నలభై అడుగుల లోతున ఇసుకలో ఒరిగి ఉన్న ఆ పాత సరుకు ఓడను చూపించడానికి డైవింగ్ గైడు యోబు రోజూ ఎవరో ఒక టూరిస్టును వెంట తీసుకెళ్తాడు. అక్కడ అండమాన్ నీళ్లు గోరువెచ్చగా, తేటగా ఉంటాయి. అయినా ఓడ లోపలి చీకటి చూడగానే కొందరికి గుండె జారిపోతుంది. మాస్కు వెనక ముబీనా కళ్లు పెద్దవయ్యాయి. ఊపిరంతా గబగబా బుడగలై పోతోంది. యోబు చెయ్యి విడిపించుకోలేదు. రెండో చేత్తో ఆమె భుజం పట్టుకుని, నెమ్మదిగా పైకి తెచ్చాడు.

పడవెక్కి తేరుకున్నాక ఆమె సిగ్గుపడింది. అతనికి తెలుగొచ్చని పొద్దున్నే తెలిసింది.

"ఏమనుకోకున్రి అన్నా. నాకు నాలుగేండ్లప్పుడు మా తాండూర్ల బండల గుంతల ఒక పిల్లగాడు మునిగిపోయిండు. పీనుగ గూడ దొరకలె. గప్పటిసంది నీళ్ల పేరెత్తితె మా అమ్మీ ఏడుస్తది."

సిలిండర్ బెల్టు విప్పుతున్న యోబు చేతులు ఆగిపోయాయి. మీ ఇల్లెక్కడని అడిగాడు. స్టేషను వెనక, నాపరాళ్లు కోసే మిషను పక్కన అంది. ఆ గడప అతనికి తెలుసు. అది ఫర్హాన్ ఇల్లు. ఫర్హాన్ చంకనేసుకుని తిరిగిన చెల్లెలే ఈమె. పడవ మీద అందరూ తనను జో అనే పిలుస్తారు గనక ఆమెకు ఏ అనుమానమూ రాలేదు.

ఆ తరవాత అతను నీళ్లలోకి దిగలేకపోయాడు. ఈ పనిలో చేరినప్పటి నుంచీ దిగిన ప్రతిసారీ ఎక్కడో ఫర్హాన్ మొహం కనిపిస్తుందేమోనని బెదురుతూనే దిగాడు. ఇప్పుడు మణికట్టు మీద ముబీనా వేళ్ల గుర్తులు మాసిపోయినా ఆ పట్టు వదల్లేదు. వారం తిరక్కుండా బయల్దేరాడు.

తాండూరుకే టికెట్ తీసుకున్నాడు గానీ, వికారాబాద్ రాగానే ధైర్యం చాలక రైలు దిగేశాడు. పదిహేనేళ్ల వయసులో ఎవరో ఆరేసిన చొక్కా తొడుక్కుని, తెలిసినవాళ్ల కంట పడకుండా తాండూరు నుంచి లారీలో వచ్చి, పారిపోతూ రైలెక్కింది ఆ స్టేషన్లోనే. మరో రెండు రైళ్లు వెళ్లిపోయేదాకా బల్ల మీద కూర్చుని, చివరికి లేచి బస్సెక్కాడు.

ఫర్హాన్ తల్లి అలీమాబీ వాకిట్లో కందులు చెరుగుతోంది. జుట్టంతా నెరిసిపోయింది. ఎవరో తెలియకపోయినా కూర్చోమని మంచినీళ్లిచ్చింది. యోబు గ్లాసు పక్కన పెట్టి, తలెత్తకుండానే మొదలుపెట్టాడు. అమ్మానాన్నలు లేక హాస్టల్లో పెరిగిన తనకు ఫర్హాన్ ఒక్కడే దోస్తని చెప్పాడు. పద్దెనిమిదేళ్ల కింద ఆ రోజు బడి ఎగ్గొట్టి, బట్టలు గట్టున పెట్టి, నాపరాళ్లు తవ్వగా నీళ్లు నిండిన గుంతలో ఇద్దరూ దూకారు. ఫర్హాన్‌కు ఈత సరిగ్గా రాదు. వద్దంటున్నా లాక్కెళ్లింది తనే.

"నడిమిట్లకు వొయినంక వాడు మునుగుతూ నా కాలు వట్టుకున్నడు. నేను గూడ మునుగుతున్న. తన్నిన, అమ్మీ. వాని మొకం మీదనే తన్ని ఇడిపిచ్చుకున్న. అవుతలి గట్టెక్కి చూస్తె వాడు కనబడలె. బట్టలు గూడ తీస్కోకుండ ఉరికిన. ఒక్క మనిషినన్న పిలిస్తె బతుకుతుండెనేమో."

చేట చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. ఆమె తిడుతుందని చూశాడు. కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె చేట పక్కన పెట్టింది.

"నీ పేరేంది?"

"యోబు."

అలీమాబీ అతని గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది. అలాగే చూస్తూ ఉండిపోయింది. తరవాత ఇంటి లోపలికి తిరిగి పిలిచింది.

"ఫర్హాన్, బయటికి రా, నువ్వు కాలు వట్టి ముంచి చంపిననుకున్న యోబు వచ్చిండు."