కొండెక్కేటంత సన్నం

సుందరరాజు తన బట్టల అంగడిలోనే కళ్ళు తిరిగి పడ్డాడు.

పాకాల స్టేషను ఎదురుగా ఉంది ఆ అంగడి. అరుగు మీద రైలు కోసం కూర్చున్న ముసలాయన లేచి వచ్చి, మొహాన నీళ్ళు చల్లాడు.

"పొద్దున్నించి ఏం తిన్నావు సామీ?"

"బార్లీ నీళ్ళు. రెండు అరటిపండ్లు. తిరుమల కొండ నడిచి ఎక్కాలంటే బరువు తగ్గాలని డాక్టరు రాసిచ్చినాడు."

మూడేళ్ళ కింద కొడుక్కి టైఫాయిడ్ వచ్చినప్పుడు, తిరుమలకు నడిచి వస్తానని అతను మొక్కుకున్నాడు. కొడుకు బతికాడు. కొండకు మోటారు దారి లేని రోజులు. నూరు మెట్లకే ఆయాసం వచ్చి సుందరరాజు డోలీ ఎక్కాడు.

ఇప్పుడు పిల్లవాడికి మళ్ళీ జ్వరం వచ్చి పోతూ ఉంది.

"నడిచి తీర్చే మొక్కు మోయించుకోని తీర్చినావు" అంది భార్య వరదమ్మ, ఒకే ఒకసారి. అది చాలింది.

"దినమంతా ఏం జేస్తావు?" ముసలాయన అడిగాడు.

"కూసోని బట్ట కొలుస్తా."

"రేయికి?"

"అప్పుడు ఓర్చుకోలేను. ఆరు దోసెలు, నెయ్యేసి."

ముసలాయన నవ్వలేదు.

"అట్లయితే ఆ చీటీ నీకు పనికిరాదు సామీ. సంగటి తిని పెరిగిన ఒళ్ళు, సంగటే తిను. సగం ముద్ద. ఆకుకూర ఎంతన్నా తిను. దీపాలు పెట్టేలోగా కూడు ముగించు. మధ్యాన్నం అంగడి మూసి ఊరి గుట్ట ఎక్కి దిగు."

"సన్నబడేదానికి అంతేనా?"

"సన్నబడి నువ్వేం జేస్తావు? కొండెక్కితే సాలు గదా. రెండు మణుగులు బరువు దించు. అంతకు మించి అక్కరలే."

ఆ చూపులో ఎగతాళి ఉంటే సుందరరాజు తేలిగ్గా తిట్టేవాడు. ముసలాయన మాత్రం అతని ఒళ్ళు అతనికన్నా తనకే బాగా తెలిసినట్టు చూశాడు. అది భరించడం ఇంకా కష్టమైంది.

"డాక్టరువా నువ్వు? యాడ సదివినావప్పా?"

"నేను సదవలే సామీ."

"అట్లయితే నోరు మూసుకోని రైలెక్కు."

ముసలాయన వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులకు మళ్ళీ కళ్ళు తిరిగాయి. సుందరరాజు ఎవరికీ చెప్పకుండా సంగటి మొదలుపెట్టాడు. ఎండకు జనం ఇళ్ళలో ఉన్న వేళ చూసి గుట్ట ఎక్కాడు. మొదట్లో సగం దాకానే.

ఏడు నెలలకు మండీ తక్కెడలో కూర్చుంటే రెండు మణుగులు తగ్గాడు.

అలిపిరి నుంచి నడిచాడు. మోకాళ్ళ పర్వతం కూడా ఎక్కేసి, రాతి మీద కూలబడ్డాడు. పక్కనే ఖాళీ డోలీ దించుకున్న మనిషి, గోవిందు, అతన్నే చూస్తున్నాడు.

"పాకాల బట్టలంగడి సామివి గదా? బలే ఎక్కినావే!"

"మా అంగడికాడ ఒక పెద్దాయన చెప్పినట్ల జేసినా. తిట్టి పంపించినా ఆయప్పను. కనబడితే కాళ్ళు మొక్కాల."

"ఇంగ యాడ కనబడతాడు సామీ. నీ అంగడి సంగతి నాతో చెప్పినాడు. పోయిన నెల కాలం జేసినాడు."

"ఆయప్ప నీకు తెలుసునా?"

గోవిందు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. గొంతులో కోపం లేదు.

"పెంచలయ్య, మా నాయన సామీ, మూడేండ్ల కింద ఇదే మెట్ల మింద నీ డోలీ మోసి, మోకాలు పోయి, ఆ దినంతోనే మోత మానుకున్నాడు."