బందిపోటు సీగల్ ఆఖరి పేజీ

"ఇదిగో, అర్బ్రోత్ పోస్టాఫీసు నడిచొచ్చింది!" అన్నాడు సంపాదకుడు రెన్నీ, కుర్చీలోంచి లేవకుండానే.

రోనా గెడ్డెస్ తడిసిన గొడుగు తలుపు పక్కన ఆనించి, కోటు లోపలినుంచి అట్టకవరు తీసి బల్ల మీద పెట్టింది.

"తడిసిందా?"

"నేను తడిశాను. పేజీ తడవలేదు."

"అంతే చాలు తల్లీ. నువ్వు ఆరిపోతావులే."

ఆమె నవ్వలేదు. యాభై దాటిన మనిషి, నెలనెలా ఇదే వరస. తక్కిన బొమ్మలవాళ్ళంతా కంప్యూటర్లో పంపేస్తారు. ముసలి వాటీ గెడ్డెస్ మాత్రం కాగితాన్నీ నల్లసిరానీ వదలడట. అందుకని కూతురు అర్బ్రోత్ ఊరి నుంచి బస్సెక్కి డండీ నగరం దాకా మోసుకొస్తుంది.

గదిలో సగం సామాను అప్పటికే అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోయింది.

రెన్నీ పనిచేసే కంపెనీ వారి పిల్లల బొమ్మల వారపత్రిక డెబ్భై ఏళ్ళు దాటినా గుండ్రాయిలా ఉంది. దాని కడుపున పుట్టిన నెలపత్రిక రెన్నీది. ఆఫీసులో ఒకటి 'పెద్దది', రెండోది 'చిన్నది'. ప్రతి సంచికకీ ఒక ప్లాస్టిక్ ఆటవస్తువు అంటించి, ఏడేళ్ళు ఎలాగో ఈదుకొచ్చాడు రెన్నీ. ఇంక ఓపిక లేదు. కొనేవాళ్ళూ లేరు. ఈ నెలతో చిన్నదానికి చెల్లు.

కవరు విప్పాడు. వాటీ బొమ్మకథలోని సముద్రపు పక్షి బందిపోటు సీగల్ ఈసారి ఏకంగా మేయరు చేతిలో చిప్స్ పొట్లమే తన్నుకుపోతోంది. ఆ వారంలో మొదటిసారి పకపకా నవ్వాడు రెన్నీ.

"చెయ్యంటే మీ నాన్నదే చెయ్యి! ఎనభై నాలుగేళ్ళకి ఆ ముక్కు వంపు చూడు. ఈ దేశంలో ఇంకొకళ్ళ వల్ల కాదు."

"రెన్నీ గారూ, సీగల్ పెద్దదానిలోకి వెళ్తుందని విన్నాను. నిజమేనా?"

"నిజమే. ఒక్క పేజీకే చోటిచ్చారు. అది సీగల్‌కే."

ఆమె మొహం విప్పారింది. "అయితే మాకు..."

"సీగల్ వెళ్తుంది. మీ నాన్న వెళ్ళడు. వారం వారం పేజీ గియ్యడం ఆ వయసులో అయ్యే పనేనా? లీడ్స్ ఊరి నుంచి వేరే బొమ్మలతన్ని చూశారు. మధ్యాహ్నం ఒప్పందం మీద సంతకాలు."

రోనా కుర్చీ అంచు పట్టుకుంది.

"మీకొక మాట చెప్పాలి."

అంతలో ఫోను మోగింది. "గది శుక్రవారానికి ఖాళీ చేస్తామన్నాం కదయ్యా! ఎన్నిసార్లు చెప్పించుకుంటారు?" అని విసుక్కుని పెట్టేశాడు రెన్నీ. నుదురు రుద్దుకున్నాడు.

"ఆఁ, ఏమిటి తల్లీ?"

"ఇంకెవరైనా... అచ్చం నాన్నలాగే గీస్తే? అప్పుడు ఇస్తారా?"

"బాగుంది! ఎవరికి చెబుతున్నావు? ఆయన పెద్దదానికి గీసిన రోజుల నుంచీ, ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను ఆ గీతని. మా పత్రికల్లో బొమ్మ కింద పేరు వెయ్యరు, తాతల నాటి ఆచారం. అయినా ఏ పేజీ ఎవరిదో ఇట్టే చెబుతాను. చెయ్యి మారితే నా కళ్ళు కనిపెట్టవా? మీ నాన్నని కాపీ కొట్టినవాడెవడైనా వస్తే గుమ్మంలోంచే పంపించేస్తాను."

రోనా కోటు గుండీలు పెట్టుకుంది.

"మాంసం కూరిన బ్రైడీ రొట్టె సగం ఉంది, తిని వెళ్ళు. ఇంకా వేడిగానే ఉంది."

"వద్దండీ. బస్సు వెళ్ళిపోతుంది."

గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. పాపం, తండ్రి పేజీ పోయినందుకు బాధపడుతోంది కాబోలు అనుకున్నాడు రెన్నీ. అతనికీ మనసు చివుక్కుమంది. ముప్ఫై ఏళ్ళు గీసిన మనిషి, ఒక్కసారి కూడా పేరు అచ్చులో చూసుకోలేదు.

ఆఖరి సంచికకి ఆచారమేమిటని పైవాళ్ళతో పోట్లాడి ఒప్పించాడు. సీగల్ పేజీ అడుగున చిన్న అక్షరాలు వేయించాడు: 'బొమ్మలు: వాటీ గెడ్డెస్'.

ఆ మధ్యాహ్నమే లీడ్స్ అతను సంతకాలు చేశాడు.

మూడు వారాల తర్వాత, అచ్చయిన సంచిక పట్టుకుని రెన్నీ స్వయంగా అర్బ్రోత్ వెళ్ళాడు. పక్కింటావిడ తలుపు తీసింది. వాటీ కిటికీ దగ్గర, ఒళ్ళో దుప్పటితో కూర్చుని ఉన్నాడు. రెన్నీ ఆయన్ని చూసి పదేళ్ళు దాటింది. బాగా చిక్కిపోయాడు.

"చూడండి వాటీ గారూ! ఇన్నాళ్ళకి మీ పేరు!"

ముసలాయన ఎడంచేత్తో పత్రిక అందుకున్నాడు. పేరు చదివాడు. సంతోషిస్తాడనుకుంటే మొహం నల్లబడింది.

"రోనా నీకు చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

"ఆ రోజు చెప్పేస్తానని బయల్దేరింది. అడిగితే, చెప్పానులే నాన్నా, చోటు లేదన్నారు అంది." ఆయన పత్రిక ఒళ్ళో బోర్లించాడు. "ఇన్నేళ్ళూ దాని నోరు నొక్కింది నేనేనయ్యా. తెలిస్తే పేజీ లాగేసుకుంటారని భయం. తండ్రినై ఉండీ దానికి అన్యాయం చేశాను."

"రోనా ఎక్కడ?"

"చేపలకి పొగపెట్టే బట్టీలో. సోమవారం నుంచి పనికి పోతోంది."

రెన్నీ దొరికిన కుర్చీలో కూలబడ్డాడు.

"మీ చిన్నది పుట్టకముందే నా కుడిచెయ్యి పడిపోయింది" అన్నాడు వాటీ. "మొదటి సంచిక నుంచి ఈ ఆఖరి సంచిక దాకా, నువ్వు చూసి నవ్విన ప్రతి గీతా మా రోనాదే."