నాలుగు మేకులు

పుచ్చిన పలక ఊడి నా చేతికి వచ్చేసరికి గోడలో ఒక కిటికీ బయటపడింది.

కిటికీ లోపల మా మామగారి ముఖం.

ఆయన కళ్ళు చికిలించారు. ఆయన మంచం మీద ఎండ పడి నాలుగేళ్ళయింది.

మా ఊళ్ళో ఇళ్ళన్నీ నూరేళ్ళనాటి ఒక ఫొటోలో ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. కప్పు మీద పెంకులు మార్చినా, గోడకు చెక్క పలకలు మార్చినా, చూరు కింద వాననీటి గట్టర్లు మార్చినా, పాత ఇళ్ళ తీరు కాపాడే ఊరి కమిటీవాళ్ళు ఆ ఫొటో పట్టుకుని వస్తారు. చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఊరు ముచ్చటగానే ఉంటుంది. ఉండేవాళ్ళని ఎవరూ అడగరు.

ఇక్కడ పనిచెయ్యాలంటే కమిటీ లైసెన్సు కావాలి. అది ఉన్నది మా ఒక్క ఇంటికే. కప్పుల పని మా ఆయనది, గోడల పని నాది. సుత్తి పట్టడం నాకు నేర్పింది మామయ్యే. కాపురానికొచ్చిన కొత్తలో, వంట ఎవరైనా చేస్తారు, నువ్విది నేర్చుకో అన్నారు. ఆ వంట నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు.

నాలుగేళ్ళ కిందట ఒక కప్పు మీంచి జారిపడ్డాక మామయ్యకి నడుం కింద కదలిక లేదు. ముందు గది వంటకీ మెట్లకీ సరిపోతుంది. మంచం పట్టేది వెనక గదిలోనే; దాని పక్కగోడ కూడా వీధివైపే. దానికి కిటికీ లేదనే అనుకున్నాను ఇన్నాళ్ళూ, లోపల కనిపించేది ఒక చెక్క గూడే. మంచం పక్కన వేలాడే లైటు స్విచ్చి పగలూ రాత్రీ వేసే ఉండేది.

"దీన్ని ఎవరు మూశారు మామయ్యా?"

"నేనే."

ఫొటోలో కిటికీలు లేవని ముప్పై ఏళ్ళ కిందట కమిటీ చెప్పిందట. మా వీధిలో పదకొండు కిటికీలు ఆయన చేతులతోనే మూశారు. ముందు మన ఇంటిది మూస్తే గానీ పక్కవాళ్ళు ఒప్పుకోరని, మాతోనే మొదలుపెట్టారు. ఆ పని చూశాకే కమిటీ మాకు లైసెన్సు ఇచ్చింది.

కొత్త పలకలు రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ పగలు స్విచ్చి వెయ్యలేదు.

రెండో రోజు కొడుకుని పిలిచి, ఎదురింటి గట్టర్ వాలు తప్పింది, ఎవడు వేశాడ్రా అని కోప్పడ్డారు. నువ్వే నాన్నా అన్నాడు మా ఆయన. మామయ్య నవ్వారు. ఆ నవ్వు ఎలా ఉంటుందో నేను మర్చిపోయాను.

కిటికీ ఉంచనివ్వమని కమిటీకి అర్జీ పెట్టాను. సాయంత్రానికే జవాబు వచ్చింది. ఫొటోలో కిటికీ లేదు.

నాకు ఒళ్ళు మండింది.

కిటికీ మీదికొచ్చే మూడు పలకలనీ పొట్టిగా కోసి, వెనక పట్టీ కొట్టి, ఒకే తలుపులా చేశాను. పై పలక అంచు కింద దాగేలా పైన రెండు మేకులే కొట్టి కింద వదిలేస్తాను; కింద కొట్టి పీకితే గుర్తు పడుతుంది. తనిఖీ అయ్యాక మేకులు పీకి బందులు బిగిస్తే, వీధిలో ఎవరూ లేనప్పుడు ఎత్తుకోవచ్చు.

పట్టుబడితే లైసెన్సు పోతుంది. మాకు ఇంకో పని రాదు. కప్పు మీద గట్టర్ బిగిస్తున్న మా ఆయన అంతా విని, నీ ఇష్టం అని మాత్రం అన్నాడు. కిందికి చూడలేదు.

మామయ్యకి చెప్పలేదు. చెబితే చెయ్యనివ్వరు.

ఆయన దగ్గర ఒక చిక్కుంది. పలకైనా, జోడించిన చెక్కైనా నాలుగు మేకులన్నది ఆయన నియమం. గోడకి అవతల పడుకుని నా సుత్తి దెబ్బలు వింటారు. మూడోది వంకరపోయిందమ్మాయ్ అని లోపల్నుంచే చెబుతారు. చూస్తే నిజంగానే వంకరపోయి ఉంటుంది.

మధ్యాహ్నం, నేను ఆ తలుపు పెడుతుండగానే కమిటీ పెద్దమనిషి వచ్చేశాడు. ఫొటోకి ప్లాస్టిక్ తొడుగు వేసి గుండెకి ఆనించి పట్టుకున్నాడు.

మొదటి మేకు కొట్టాను. రెండోది కొట్టాను. సుత్తి దించాను.

పెద్దమనిషి గోడ ఆ చివర మొదలుపెట్టి, ఒక్కో పలకనీ వేలి కణుపుతో తట్టుకుంటూ వస్తున్నాడు. గట్టి పలక మూగగా ఉంటుంది. వదులు పలక టపటపమంటుంది. కింద గుడ్డ ముక్క కూరాను గానీ, అది ఆగుతుందో లేదో నాకే తెలియదు.

ఇంకా ఐదు పలకలు. నాలుగు.

"అమ్మాయ్," అన్నారు మామయ్య లోపల్నుంచి. "రెండే పడ్డాయి."

పెద్దమనిషి చెయ్యి ఆగింది. నావైపు చూశాడు.

"మర్చిపోయినట్టున్నావు. కింద రెండు కొట్టెయ్," అన్నారు మామయ్య గోడ వెనకనుంచి.

"మామయ్యా..."

"కొట్టమ్మా."

గుడ్డ ముక్కని చాటుగా లాగేసి మూడో మేకు పెట్టాను. సుత్తి పక్కకి పడింది. మేకు వంకరపోయింది.

లోపల్నుంచి ఏమీ వినిపించలేదు.

దాన్ని పీకి ఇంకోటి కొట్టాను. తర్వాత నాలుగోది.

పెద్దమనిషి వచ్చి తట్టాడు. మూగగా ఉంది. ఫొటో ఎత్తి గోడ పక్కన పెట్టి చూసుకున్నాడు. అచ్చం అలాగే ఉంది, పెద్దాయన చెవులు పదునే అన్నాడు.

నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం, వీధంతా ఎండ.

పలకల వెనక స్విచ్చి నొక్కిన చప్పుడైంది.