ఎంగిలి

ఆ మాట అనకుండా ఉండాల్సింది. వాడిన సూది అంటే సరిపోయేది. రక్తం అంటిన సూది అన్నా సరిపోయేది. కాని మొదటి రోజు క్లాసులో ఎలిశిబా నోటికి ఆ మాటే వచ్చింది.

"ఒకరి ఒంట్లకు పోయొచ్చిన సూది ఎంగిలి సూది. ఇంకొకరికి తగలొద్దు."

పిల్లలు నవ్వారు. నవ్విన మాట కాబట్టి ఎవరూ మరిచిపోలేదు.

ఇప్పుడు ఆశ్రిత చూపుడువేలు కుళాయి కింద పెట్టుకుని నిలబడి ఉంది. నర్సింగ్ రెండో సంవత్సరం. అల్లాదుర్గ్ అమ్మాయి. రక్తం ఎప్పుడో ఆగిపోయింది. నీళ్లు మాత్రం పడుతూనే ఉన్నాయి.

"మూత లేని సూదిని చేత్తో ఎందుకు పట్టుకున్నవ్?"

"ప్రొసీజర్ రూముల ట్రేల పడి ఉండె మేడం. ఎంగిలి అట్ల ఇడిసిపెట్టొద్దు గదా. తీసి మూత పెడదామనుకున్న."

ఎలిశిబాకు అర్థమైంది. ఇంట్లో పెద్దవాళ్లు తిని లేచిన కంచాలు ఎత్తేది ఈ పిల్లే అయ్యుంటుంది. ఎంగిలి అని తాను దూరం జరగమని చెప్పింది. పిల్ల తీసెయ్యమని విన్నది.

వార్డులో అడుగు పెట్టే విద్యార్థికి హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పడి ఉండాలి. అది కాలేజీ నియమం. ఆశ్రితకు పడింది ఒక్కటే. రెండో డోసు నాటికి జ్వరం. హాజరు పోతుందని ఏడిస్తే పోస్టింగు కాగితం మీద సంతకం పెట్టింది క్లినికల్ ట్యూటర్ ఎలిశిబానే.

సంతకం. అదే తప్పు. మిగతాది ఆలోచించకు, అని తనకు తాను చెప్పుకుంది.

స్టాఫ్ నర్సు యాదలక్ష్మి ఉరుకుతూ వచ్చింది.

"ఎవరిడిసిపెట్టిన్రు ఆ ట్రే? నేనేనేమో. పొద్దుగాల ఆరో బెడ్డు ఎల్లంకు రక్తం తీసిన. గప్పుడే ఫోన్ మోగింది. నా చేతులు ఇరగ."

సూది మీరు డబ్బాలోనే వేసుంటారు అక్కా, అనబోయి ఎలిశిబా ఆగిపోయింది.

డ్యూటీ డాక్టర్ ప్రవీణ్ ఎల్లం రక్తంతో హెపటైటిస్ బి కార్డు టెస్టు పెట్టించాడు. ఎల్లం టేక్మాల్ రైతు. మంచం మీద నుంచే తల ఎత్తి చూశాడు.

"నా రక్తం మంచిదే సారూ. కల్లు తప్ప దాంట్ల ఏముండది."

పావుగంట ఆగాలి. ఎలిశిబా బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా గోడ మీద కాలేజీ సర్క్యులర్. ఈ ఏడు నుంచి విద్యార్థులతోపాటు సిబ్బంది కూడా రక్తపరీక్ష రిపోర్టు, టీకా కార్డు శనివారంలోగా ఇవ్వాలి. ఇవ్వనివాళ్లు వార్డులోకి రాకూడదు.

మెదక్ వచ్చి పదకొండేళ్లు. అంతకుముందే వచ్చిన ఒక రిపోర్టును పెట్టె అడుగున దాచి, పదకొండేళ్లుగా ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంది. కార్డు పోయిందంది. ఊళ్లో వేయించుకున్నానంది. ఎవరూ గట్టిగా అడగలేదు. అందరికంటే జాగ్రత్త మనిషి అని ఆమెకు పేరు. చేతులు పదేపదే కడుగుతుందని పిల్లలు చాటుగా సబ్బు మేడం అంటారు. చర్చిలో ప్రభువు బల్ల నాడు ద్రాక్షరసం గిన్నె తన దాకా వస్తే, పెదవి ఆనించకుండా తల వంచి పక్కవాళ్లకు పంపేస్తుంది. అది వినయం అనుకుంటారు. భయం ఎన్నాళ్లయినా వినయంలాగే కనిపించగలదు.

ఈ రోజు పొద్దున్నే, డ్యూటీ వాళ్లు మారకముందే వచ్చింది. శనివారానికి ముందు ఇంకోసారి చూసుకుందామని ధైర్యం తెచ్చుకుని ప్రొసీజర్ గదిలో ఒక్కతే కూర్చుంది. తలుపు అవతల అడుగుల చప్పుడైంది. మోచేతి మడతలో దూది నొక్కుకుని లేచి వచ్చేసింది.

"నెగెటివ్," అన్నాడు ప్రవీణ్, కార్డు ఎత్తి చూపిస్తూ.

యాదలక్ష్మి గోడకు ఆనుకుని అక్కడే కూలబడింది. "నా తల్లే. ఈ పిల్లకు కండ్లు పచ్చవడి పసిరికెలు అయితే నేనేడ సావాలె అనుకున్న."

"రెండో డోసు ఇప్పుడే ఇచ్చేద్దాం. ఇగ చాలు," అన్నాడు ప్రవీణ్.

"పాజిటివ్ వస్తే ఏం చేసేవారు?" ఎలిశిబా అడిగింది.

"టీకా ఒక్కటే సరిపోకపోవు. ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇయ్యాలె. మన దగ్గర లేదు, హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె. అది గూడ రేపు ఈ యాళ్లలోపు. లేటయితే పిల్ల లివర్ ఏమైతదో ఎవరం చెప్పలేం. ఇప్పుడవన్ని ఎందుకు మేడం? జర నవ్వుండ్రి."

ఆశ్రిత దగ్గరికి వచ్చింది. "నాకంటే మీరే ఎక్కువ పరేషాన్ అయిన్రు మేడం," అంటూ తడి చేత్తో ఆమె చెయ్యి పట్టుకోబోయింది.

ఎలిశిబా చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కోపమా మేడం?"

"కాదు."

పిల్ల ముఖంలోకి చూడలేదు. గోళ్ల కింద పాత సబ్బు వాసన. లోపల ఎవరో నెమ్మదిగా, ఓపికగా నచ్చజెబుతున్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నువ్వూ పీల్చుకో.

యాదలక్ష్మి ప్రమాదం ఫారం నింపి తెచ్చింది. పేరు, వేలు, టైము, పేషెంటు, రిజల్టు. అన్ని గడులూ నిండి ఉన్నాయి.

"కింద మీ సంతకం పెట్టుండ్రి మేడం. అయిపాయె," అన్నాడు ప్రవీణ్ పెన్ను అందిస్తూ.

నిజమే. ఒక్క సంతకం పెడితే అయిపోతుంది. శనివారం కూడా ఎలాగో దాటిపోతుంది. ఇన్ని శనివారాలు దాటలేదా?

ఎలిశిబా పెన్ను తీసుకుని, ‘సూది ఎవరికి వాడినది’ అన్న గడిలో ఎల్లం పేరు కొట్టేసి తన పేరు రాసింది, పక్క గడిలో నెగెటివ్‌ను పాజిటివ్ అని దిద్దింది.