తెల్లచుక్కల వైద్యం

"ఉప్పు డబ్బా సంచిల పెట్టినవా సుగుణా? మర్వకు," అన్నాడు రామచందర్, మంచం మీద నుంచి లేవకుండానే.

సుగుణ ఉప్పు డబ్బాను సంచిలో బట్టల మధ్య కుదురుగా పెట్టింది. పక్కన, గాజు తొట్టిలోంచి తీసిన మూడు బంగారు చేపలు బిందెలో తిరుగుతున్నాయి. వాటి ఒంటి నిండా రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు. రెండు చేపలు అప్పటికే పోయాయి. అవి పోయిన రోజు సుగుణ అన్నం ముట్టలేదు. తిండి పారేయడం పాపమని రామచందర్ ఆమె వంతు కూడా తిన్నాడు.

ఆయన సుగుణ భర్త హరికిషన్‌కు పెదనాన్న కొడుకు. ధూళిమిట్ట నుంచి సిద్దిపేటలో పెళ్లికి వచ్చి, బస్సుల్లో రద్దీ తగ్గాక వెళ్దామని ఆగాడు. ఆ పెళ్లైన జంట కూతురు ఇప్పుడు బడికి వెళ్తోంది. ఆ కిరాయి ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యానూ, ఒక్క మంచమూ అన్నగారివే. పెద్దవాణ్ని పొమ్మనడం ఆ వంశంలో లేదు. సుగుణ ఒకసారి ధూళిమిట్టకు బస్సులు పెంచారని ఆయన వినేలా అంది.

"మంచిదే గద, ఎప్పుడన్న పోవచ్చు," అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

ఈ వైద్యం ఆయనదే. పడుకుని చదివిన పాత పత్రికలో దొరికింది.

"చేపను పట్టుకొని బతికే పురుగాయె. మందు పోస్తే తొట్టి అడుగున దాక్కుంటది. చేపలనే తీసెయ్యాలె. పట్టుకునేటందుకు ఏం దొరకక అదే సస్తది."

"ఒక్క చేపను ఉంచితే, బావా?"

"ఒక్కటి సుత ఉండొద్దు. దాన్నే పట్టుకుంటది."

"మరి పురుగును ఏం జెయ్యాలె?"

"ఏం జెయ్యొద్దు. దాని జోలికే పోవద్దు."

సుగుణ శ్రద్ధగా తల ఊపింది. ఇంత అమాయకురాలికి ఇంత ఓపికగా చెబుతున్నందుకు రామచందర్‌కు తన మీద తనకే ముచ్చటేసింది.

చేపల ఉప్పునీళ్లు రోజూ మార్చాలి. ఎండాకాలంలో సిద్దిపేట నల్లాకు రోజూ వచ్చే అలవాటు లేదు. కోహెడలో సుగుణ తల్లిగారింట చేదబావి ఉంది. బట్టల మూటతో ఊళ్లు తిరిగి అమ్మే హరికిషన్‌కు ఏ ఊరైనా ఒకటే. అతను ఇంటి యజమాని రాజమల్లయ్యకు చెప్పి రావడానికి వెళ్లి, అప్పుడే తిరిగొచ్చాడు.

"నువ్వు గూడ పోతున్నవారా?" అన్నాడు రామచందర్.

"బిందె ఎవరు మోస్తరే, అన్నా."

"స్టవ్వు దేనికి?"

"చేపల నీళ్లు గోరువెచ్చగ చెయ్యాలె గద," అంది సుగుణ.

"బియ్యం డబ్బా?"

"అవ్వకాడ నిండుకున్నయట, బావా. మీకు గిన్నెల పులిహోర పెట్టిన."

రామచందర్ తృప్తిగా కాళ్లు చాపాడు. గోడ మీద ఖాళీ మేకు కనిపించింది.

"దేవుని పటమేది?"

"అద్దం పగిలింది. కట్టియ్యాలె."

సుగుణ గడప దాటబోయి ఆగింది. గోడను ఒకసారి అరచేత్తో తడిమింది. తర్వాత బిందె మీద తడిగుడ్డ కప్పి, వెనక్కి చూడకుండా నడిచింది.

"తొట్టిని నేను చూసుకుంట, ఫికరు చెయ్యకున్రి," అని రామచందర్ వెనక నుంచి ధైర్యం చెప్పి, పులిహోర గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

వైద్యం పొల్లుపోలేదు. కోహెడ బావి నీళ్లలో చేపల చుక్కలు మాయమయ్యాయి. సిద్దిపేటలో, ఖాళీ తొట్టిలో, పురుగు చచ్చింది.

1989 ఎండాకాలంలో వెళ్లిన సుగుణ, హరికిషన్ ఆ ఇంటికి మళ్లీ రాలేదు.