పదికి రెండు

"నొప్పి పదికి ఎంత, తైస్తో?" అడిగింది నర్సు సైమి.

"రెండు."

సోమవారం ఆయనకు పిత్తాశయం తీశారు. మంగళవారమూ రెండే, బుధవారమూ రెండే. నలభై ఏళ్లు అడవిలో చెట్లు కొట్టిన మనిషి. రంపం తగిలి బొటనవేలు తెగిన రోజు కూడా మూడే అన్నాడట!

పక్క మంచం మీద కలెర్వో. మంగళవారం మంచు మీద జారి, కాలు విరగ్గొట్టుకుని వచ్చి చేరాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన ధ్యాసంతా తైస్తో పొట్ట మీదే.

"గ్యాస్ పోయిందా?"

"నీకెందుకయ్యా?"

"పొట్ట గట్టిపడిందా? భుజం లాగుతోందా?"

"ఓరి నాయనో! విరిగింది నీ కాలు. నా పొట్ట గొడవ నీకెందుకు? మా ఆవిడ కూడా నన్నింత పట్టించుకోలేదు."

సైమి కిసుక్కున నవ్వింది. "కలెర్వో, మీరిక్కడ పేషెంటు. బుద్ధిగా పడుకోండి."

మధ్యాహ్నం కాఫీ వచ్చింది. తైస్తో కప్పు కేసి చూసి, పక్కకు జరిపాడు.

"ఇప్పుడొద్దులే."

కలెర్వో తలెత్తి చూశాడు. ఫిన్లాండులో కాఫీ వద్దన్న ముసలాణ్ణి ఆయన ఇంతవరకూ చూడలేదు. కట్టు కాలితోనే లేచి కూర్చుని బెల్లు నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు.

"సైమీ! వెంటనే స్కానింగుకి పంపు. పేగుకి చిల్లు పడి ఉంటుంది!"

"రెండే అంటున్నారుగా..."

"కాఫీ వద్దన్నాడమ్మా!"

సైమి మొహంలో నవ్వు మాయమైంది. పరుగున వెళ్లి ఫోనందుకుంది.

చిల్లు నిజమే. ఆపరేషన్‌లో పరికరం తగిలి పేగుకి బియ్యపు గింజంత కన్నం పడింది. ఇంకో పూట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని, దాన్ని కుట్టిన డాక్టరమ్మ చెప్పింది.

వారం తర్వాత అదే గదిలో తైస్తో దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

"బెల్లు అరగదీశావటగా! నీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీడం లేదయ్యా. అవునూ, నా పేగు సంగతి నీకెలా తెలిసింది?"

కలెర్వో మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నా మొహానికి మాస్కు, తలకు టోపీ లేకపోయేసరికి నువ్వు గుర్తుపట్టలేదు గానీ తైస్తో, సోమవారం నీ పొట్ట కోసింది నేనే."