నాలుగు పొరలు ఎక్కువ

ఉదయం తొమ్మిదీ పదికి ఆసుపత్రి స్కానింగు విభాగంలో ఎప్పుడూ అరవై పొరల బొమ్మలే చూపే స్కాన్ ఫైలు ఒకటి అరవై నాలుగు పొరలు చూపించింది. చివరి నాలుగింటిలోనూ ఒక మచ్చ ఉంది.

అది ఆసుపత్రి ఫైలు సర్వర్లు చూసే ఇంజనీరు ఛాతీ స్కాన్. సర్వర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి రోగుల ఫైళ్లు తెరవకూడదని అక్కడ నియమం. అందుకని నిరుడు తీయించుకున్న తన స్కాన్‌నే అతను వాడతాడు. ఆ అరవై పొరలూ చూసి ఏ లోపమూ లేదని అప్పుడే రిపోర్టు ఇచ్చారు.

ముందురోజు సర్వర్‌ను నడిపే మూల ప్రోగ్రాం, కెర్నెల్, మార్చింది కూడా అతనే.

“మీ ఆవిడ మీ మొహం చూసినన్నిసార్లు నేను మీ ఊపిరితిత్తులు చూశాను. ఇది మీది కాదు,” అంది రేడియాలజిస్టు. ఇంకెవరిదో ఫైలు వచ్చి కలిసిందని ఆమె అనుమానం. పదకొండింటికల్లా సరిచేయకపోతే విభాగం మూసేసి పైవాళ్లకు రాస్తానంది.

“రాస్తే నేను ఇంటికే మేడమ్,” అన్నాడతను.

పదిన్నరకు తేడా దొరికింది. సర్వర్ ఫైళ్లను నెట్‌వర్క్ మీద విడతలుగా పంపుతుంది. పాత కెర్నెల్ విడతకు ఒక మెగాబైటు దాటనిచ్చేది కాదు. కొత్తది నాలుగు మెగాబైట్లు పంపుతోంది. బొమ్మలు చూపే ప్రోగ్రాం మాత్రం ఒక్కసారే అడిగి, మొదటి విడతలో వచ్చింది తీసుకుని ఊరుకుంటుంది. విడత పెద్దదై పక్క ఫైలు ముక్క కూడా వస్తోందని ఇంజనీరు లెక్కగట్టాడు. పరిమితిని మళ్లీ ఒకటికి దించి ఫైలు తెరిచాడు.

అరవై పొరలు. మచ్చ లేదు.

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. రేడియాలజిస్టు నిలబడే ఉంది.

“మచ్చ తెర మీద పోయింది. ఉన్న మనిషికి పోలేదుగా. పాపం ఎవరో ఏమో, వాళ్లకింకా తెలిసుండదు. వెతకండి.”

అతను సర్వర్‌లో ఉన్న ఫైళ్లన్నీ సరిచూశాడు. ఏ ఫైలూ ఇంకోదానిలో కలిసిపోలేదు. ఇక మిగిలింది, సర్వర్ దారిలో రాకుండా స్కానింగు యంత్రంలోనే ఉండిపోయిన తన అసలు స్కాన్‌తో పోల్చడం. అక్కడి టెక్నీషియన్‌ని ఆసుపత్రిలో అందరూ బాబాయ్ అంటారు. ఇంజనీరు ఫోన్ చేశాడు.

“బాబాయ్, నిరుడు నువ్వు తీసిన నా స్కాన్ యంత్రంలో తెరువు. చివరి పొర నంబరెంతో చెప్పు.”

“నీ బొమ్మల మీద నీకు మోజు తీరదేంటయ్యా,” అన్నాడు టెక్నీషియన్. మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది. అతను మళ్లీ మొదటినుంచి నొక్కాడు.

“అరవై నాలుగు,” అన్నాడు.